హైడ్రా తూకం

నన్ను అందరూ కాంటక్క అంటరు.
అసలు పేరు రాజకొమురమ్మ,
అది కరెంటు బిల్లు మీదనే ఉంటది.
ములుగు రోడ్డు దిగి, రైసుమిల్లు గోడ దాటినంక
మా రేకుల గేటు.
'పాత కార్లు కొనబడును' అని రాయించిన.
ఎండకు ఒత్వం రాలిపోయి
'పాత కార్లు కనబడును' అయి రెండేండ్లు.
అబద్ధమైతే కాదు గదా అని దిద్దలేదు.

ఏ బండి వచ్చినా ముందు కాంటా ఎక్కాల్సిందే.
కాంటాకు రంగు తెల్వదు, కంపెనీ తెల్వదు,
సీటు కింద ఇరుక్కున్న పాలపీక తెల్వదు.
ఎర్ర అంకెలు జరసేపు వణికి
ఒక్కకాడ నిలబడ్తయి.
నేను చీటీ చింపుత.

అటెన్క పని ఓదెలుది.
హైడ్రా తొండం వంచి, కొక్కెం జారేసి
పిల్లి తన కూనను మెడ పట్టి లేపినట్టు
కారును లేపుతడు.
యాకూబ్ గ్యాస్ కట్టర్ ముట్టిస్తడు,
ముందు నీలి నాలుక, తర్వాత నిప్పుల జల్లు.
ఇంజను ఒక దిక్కు, గేరుబాక్సు ఒక దిక్కు,
గోడ పొంటి ఆనిచ్చిన తలుపులు,
ఏ ఇంటికీ తెరుచుకోనియి.
ఛాసిస్ నంబరున్న ముక్కను మాత్రం
పైలంగ కోసి గుడ్డల చుట్టి పెడ్తం.
ఆర్టీవో ఆఫీసుల అప్పజెప్పేదాక
బండి సచ్చినట్టు కాదు.

నయీంనగర్ నాలా పొంగిన ఏడు
బురద కార్లు వరుసబెట్టి వచ్చినయి.
ఒకదాని డ్యాష్‌బోర్డుల చిటికెన వేలంత పరక,
ఎండి, కన్ను తెరిచి.
ఓదెలు అరచేతుల పెట్టుకొని
"అక్కా, గిది గూడ తూకంల పడ్డదా?" అన్నడు.
పడ్డది.
పైసలు గూడ ఇచ్చినం.

ఈ ఎండకాలం హైడ్రాకే రోగమొచ్చింది.
తొండం ఎత్తితే నిలవదు,
నిద్రకాగిన పిలగాని మెడ లెక్క
మెల్లగ వాలిపోతది.
సీళ్లు మార్చినం. పంపు మార్చినం.
కాజీపేట మేస్త్రి సిలిండర్ రాడ్ మీద గోరుతోని గీసి
"గాట్లు పడ్డయి. ఇగ ఎంత నూనె తాగినా ఆగదు" అన్నడు.
ఓదెలు చేతులు తుడుచుకున్నడు,
మళ్లా తుడుచుకున్నడు.
పద్దెనిమిదేండ్లు.
సీటు ఆయన కూసునే తీరుకే గుంట పడ్డది.
దసరాకు తన సైకిల్ మోటరును మరిచినా
దీనికి దండ మరువలేదు.

ఎత్తేదాన్ని ఎత్తెటందుకు
ఇంకో క్రేన్ కిరాయికి మాట్లాడిన, గంట లెక్కన.
మరక లేని గొలుసు. చెవులల్ల వైర్లు పెట్టుకున్న పోరడు.
మా హైడ్రా గాలిలకు లేస్తే
మొదటిసారి దాని కడుపు చూసిన,
ఇన్నేండ్లు మేం ఎవ్వరం కడగని జాగ.

కాంటా మీద దించినంక
పదివేల ఏడువందల నలభై.
చీటీకి చెయ్యి పెట్టిన.
గప్పుడు ఓదెలు క్యాబిన్ ఎక్కిండు.
అంకె అరవై పెరిగింది.
బక్కోడు.
ఊకె కూసున్నడు. ఏ లివర్ ముట్టలేదు.
నేను దిగుమనలేదు,
బయట కిరాయి గంటలు నడుస్తనే ఉన్నయి.
పోరడు వైర్లు తీసి మా దిక్కు చూసిండు,
మళ్లా పెట్టుకున్నడు.

పొద్దు రేకుల మీదికెక్కినంక ఓదెలు దిగిండు.
యాకూబ్ దగ్గరికి పోయి చెయ్యి చాపిండు:
"అద్దాలియ్యి. నేనే కోస్త."
"నీకు రాదు గదనే మామా?"
"కొయ్యరాదు.
యాడ మొదలువెట్టాల్నో తెలుసు."

గేటు కాడ హారన్.
తాడు కట్టిన మారుతి, ముందల ట్రాలీ,
డ్రైవరు తల బయటపెట్టి
బోర్డు చదువుకుంటున్నడు.
కాంటా ఖాళీ లేదని
చెయ్యి ఊపిన.