ఏడో ఆదివారం

గాజువాక నుంచి పద్మనాభం దాకా
అద్దె ఆటోలో నలుగురం.
నీళ్లెంత లోతులో పడతాయన్నా అని నేనడిగితే
నలభై అడుగుల రోడ్డండీ అంటాడు బ్రోకరు.
మొన్న చూపించింది ఎకరం కాదట,
నాలుగువేల ఎనిమిదొందల నలభై గజాలట.
అందులో ఏం పండేదంటే
నవ్వి ఫోన్ చూసుకున్నాడు.

అత్త మాట్లాడదు.
దిగిన ప్రతిచోటా చెప్పులు విడిచి
చిటికెడు మట్టి ఉమ్మితో తడిపి
అరచేతిలో దారంలా పేనుతుంది.
భీమిలి వైపు ఇసక, నిలవలేదు.
ఆనందపురంలో వాసన చూసి పారేసింది.
తన మూడెకరాల మీద ఇప్పుడు ఉక్కు కరుగుతోంది.
రాత్రిళ్లు ఆ ఎర్రవెలుగు మా డాబా మీంచి కనిపిస్తే
"మా పల్లంలో దీపం పెట్టారు" అంటుంది, అంతే.

ఇవాళ దారం తెగలేదు.
గెడ్డ పక్కన ఎకరంన్నర గరువు.
మా ఆయన కళ్లతోనే బోరు వేసేశాడు.
పిల్ల జామచెట్టుకి చోటు చూసుకుంది.

అప్పుడు లేచాడు ఉలవచేలోంచి
నడుమున కొడవలి దోపుకున్న ముసలాయన.
పద్దెనిమిదేళ్ల కౌలు.
మాకెవరూ చెప్పలేదు.
"దున్నుతారా బాబూ, రాళ్లు పాతుతారా?"
దున్నుతామన్నాం.
ఆయన మొహం కాస్త తేటపడింది.
అదే మాకు తల ఎత్తనివ్వలేదు.

బ్రోకరు అడ్వాన్సు అంటున్నాడు.
ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
అత్త కొంగు బిగించి, ఆయన వరసలోనే కూర్చుని
ఉలవ పీకుతూ పేరడుగుతోంది.
గట్టు మీద ఆవిడ చెప్పుల్లో
ఎండిపోతోంది ఆ మట్టిదారం.