అడ్డుకర్ర దగ్గర

అద్దం దించు బాబూ. ఇంకొంచెం.
నీ మొహం చూడాలి నేను,
లైసెన్సు కాదు.

ట్యాంకులో ఎంతుంది? పావా?
పావు దిగడానికి చాలు,
ఇరుక్కుంటే చాలదు.
పార ఉందా? దుప్పటి?
ఆ కాళ్లకేమిటవి, కాన్వాసు బూట్లా?
నలభై నిమిషాల దారేగా అంటావు.
అది జూలైలో.
ఇవాళ కొండ ఎంతంటే అంత.

నా పేరు తూర్‌బ్యోర్గ్.
పంతొమ్మిది చలికాలాలుగా ఈ గేటు దగ్గరే నా కొలువు.
గాలి లేచి, దారి పక్కన పాతిన కర్రల్లో
మూడోది కనబడకపోతే
అడ్డుకర్ర దించేస్తాను.
ఇక ఒంటరిగా ఎవరూ ఎక్కరు.
ముందు ఔడున్ మంచు తోసే బండి,
వెనక మీరంతా, ఒకరి ఎర్రదీపం పట్టుకుని ఒకరు,
చిట్టచివర ఇంకో బండి, ఎవరూ జారిపోకుండా.
నేను లెక్కపెట్టి ఎక్కిస్తాను.
అవతల, ఫియోర్డు వైపు గేటులో
హోకున్ లెక్కపెట్టి దించుకుంటాడు.
రెండంకెలూ కలిస్తేనే
నా ఫ్లాస్కు మూత తెరుచుకుంటుంది.

ఒక ఫిబ్రవరి రాత్రి పదిహేడు ఎక్కించాను.
చివరి బండి ఆ రోజు మరమ్మతులో ఉంది.
హోకున్ ఫోన్ చేశాడు: పదహారు.
మళ్లీ లెక్కపెట్టు అన్నాను.
పదహారు.

ఔడున్ వెనక్కి తిరిగాడు.
రెండున్నర గంటలు పాకాడు అంత పెద్ద యంత్రంతో.
తెల్లటి దిబ్బలోంచి జానెడు ఎర్ర గుడ్డ ఊగుతోందట,
ఏరియల్‌కి కట్టిన మెడ శాలువా.
కింద కారు. కారులో మార్గిట్, కుట్టుపని టీచరు.
రేకు డబ్బాలో కొవ్వొత్తి, అద్దం వేలెడు తెరిచి,
చేతితొడుగుకి బొటనవేలు అల్లుకుంటోంది.
పది నిమిషాలు ఇంజను, తర్వాత ఆపడం.
మళ్లీ వేసే ముందు తలుపు పట్టుకునే దిగి
పొగగొట్టం చుట్టూ మంచు తవ్వడం.
తలుపు మాత్రం వదల్లేదట.
ఎక్కించుకోగానే ఔడున్‌ని తిట్టింది,
అంత వేగంగా పోతారా ముందుండేవాళ్లు అని.

ఇంకొకడున్నాడు, అంతకు ముందు ఏడు.
దూరంగా దీపం కనబడిందని దిగి నడిచాడు.
పేరు చెప్పను.
వాళ్లమ్మ ఇప్పటికీ ఈ దారిలోనే గుడ్లు అమ్ముతుంది.
కారు చెక్కుచెదరలేదు.
తాళం తిప్పితే
వెంటనే స్టార్టయింది.

అందుకని వెనక్కి తిప్పు.
మూడు కిలోమీటర్ల కింద పెట్రోలు బంకు.
ఉన్ని మేజోళ్లు, పార, దుప్పటి. ట్యాంకు నింపు.
పైకప్పు మీది మంచు కూడా తోసెయ్,
బ్రేకు వేస్తే అదంతా కళ్ల మీదికే వస్తుంది.
ఆ ముందద్దంలో పిడికెడు కన్నం తుడిచావే,
దాంట్లోంచి కోట కాపలా కాయొచ్చు,
కారు నడపలేం.
తిట్టుకో, ఫరవాలేదు.
ఇన్నేళ్ల తిట్లు పోగేస్తే
ఓ మంచి కోటు అయ్యేది నాకు.

వచ్చావా. పార మీద ధర చీటీ ఇంకా ఊడలేదు.
మంచిది, విను.
బ్రేకు మీద కాలు
నిద్రపోయే పిల్లి మీద చెయ్యి వేసినట్టు వెయ్యి.
ముందు బండికి అంటుకోకు, దాన్ని వదలకు.
జారితే గోతిని చూడకు,
వెళ్లాల్సిన వైపు చూడు,
చేతులు చూపు వెంటే వస్తాయి.
దీపం పోతే ఆగు, నాలుగు లైట్లూ వెలిగించు.
దిగి మాత్రం నడవకు.

నువ్వు పద్నాలుగోవాడివి.
అవతల హోకున్ నీ పేరడగడు,
ఎంత త్వరగా వచ్చావనీ అడగడు.
ఫోనెత్తి పద్నాలుగు అంటాడు, అంతే.
వెళ్లు, ఔడున్ హారన్ కొడుతున్నాడు.
నా కాఫీ చల్లారినా ఫరవాలేదు,
నువ్వు మెల్లిగా పో.