అరవై మూడు

మూడు రోజులుగా బండి మురకంబట్టు షెడ్డులో
బోనెట్ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.
వెనకాల టన్నున్నర తోతాపురి
పట్టా కింద మెల్లగా మగ్గుతోంది.
ఆ వాసనకి షెడ్డు పిలకాయలు
స్పానర్లు పట్టుకునే తలలు తిప్పుతారు.
నాకైతే అది డబ్బు కాలే వాసన.

మొదటివాడు డీజిల్ పంపు అన్నాడు.
రెండోవాడు ఇంజెక్టర్లని చెప్పి, మూడు వేలు తీసుకుని,
ఉన్నవాటినే తుడిచి పెట్టినాడు.
జిలానీ ఏమీ అనలేదు.
మీటరు ముళ్ళు రెండూ పట్టుకుని
ఒక్కో వైరునూ పలకరించుకుంటూ పోయినాడు,
పసిబిడ్డకి ఎక్కడ నొప్పో వెతికే తల్లి మాదిరి.
"కరెంటు వస్తాండాది. ఎర్తు ఉండాది.
పెట్టె పోయింది రెడ్డెక్కా."

పెట్టె అంటే రెండు అరచేతులంత అల్యూమినియం.
ఇంజను ఎప్పుడు ఊపిరి తీయాలో, ఎంత తాగాలో
అన్నీ దాని మాటే అంట.
విప్పి చూపించినాడు.
మూలన ఒక పిన్ను, పచ్చగా చిలుము పట్టి.
"నీళ్ళు దిగినాయి. పోయిన ఆయుధపూజకి పైపుతో కడిగినావా?"

కడిగినాను.
బోనెట్ ఎత్తి మరీ కడిగినాను,
పసుపునీళ్ళు కూడా చల్లినాను.
భక్తి ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు?

కొత్తది నలభై రెండు వేలు. పాతది పద్నాలుగు.
ఆలోచించక ముందే నోరు పద్నాలుగనేసింది.
సేలం పాతసామాన్ల అంగడి నుంచి
రాత్రి బస్సులో, మల్లెపూల బుట్టల పక్కన,
అరవ పేపర్లో చుట్టుకుని వచ్చింది.

బిగించినాడు. తాళం తిప్పినాను.
ఎర్రదీపం వెలిగింది, ఆరింది, వెలిగింది.
ఇంజను పలకలేదు.
"నువ్వెవరో దానికి తెలీదక్కా," నవ్వినాడు జిలానీ.
"దాని బండి వేరే, దాని తాళం వేరే.
మరిపించాల."

డ్రైవరు సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టి వైరు తగిలించినాడు.
అక్షరాలు వరసగా కిందికి జారినాయి.
ఒకచోట వేలు ఆగింది.
ఏంది అంటే వెంటనే చెప్పలేదు.
"గుద్దుకున్నప్పుడు రాసుకునింది."

వేగం అరవై మూడు.
ఇంజను వేడి ఎనభై ఎనిమిది.
యాక్సిలరేటరు సున్నా.
బ్రేకు, తొక్కి ఉంది.

అంతే. పేరు లేదు, ఊరు లేదు,
ఆ తర్వాత ఏమైందో లేదు.

యాక్సిలరేటరు సున్నా.
అంటే కాలు తీసినాడు.
తీసి బ్రేకు మీద వేసినాడు.
అంటే చూసినాడు,
గొడ్డునో, ఆగిన లారీ వెనకభాగాన్నో,
ఇంకెవరినో.

"చెరిపేసేదా అక్కా?"

పక్కన గ్రైండరు అప్పుడే ఆగింది.
నేను నా మామిడికాయల గురించే ఆలోచించినాను,
అబద్ధం చెప్పను.
ఊ అన్నాను.

తాళం తిప్పి పది నిమిషాలు. తీసి కాసేపు.
మళ్ళీ పది నిమిషాలు. మూడుసార్లు.
బీడీ ముట్టించబోయి జిలానీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.
నేను స్టీరింగు మీది దుమ్ము తుడిచినాను,
లేని చోట కూడా.
మూడోసారి ఎర్రదీపం ఆరి, ఇంక రాలేదు.
ఇంజను అందుకుంది.
ఒక్క దగ్గు, ఆ తర్వాత
నాకు తెలిసిన గొంతే.

బంగారుపాళ్యం ఫ్యాక్టరీ గేటు కాడ
పైవరస మెత్తబడిందని
కిలోకి రూపాయిన్నర కోసినారు.
కోసుకోనీ.

తిరుగు దోవలో ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంటే
ముల్లు అరవై దాటింది.
అరవై ఒకటి. అరవై రెండు.
కాలు దానంతటదే లేచింది.

ముందు ఏమీ లేదు.
ఎండ, తారు, అడ్డంగా ఒక చింతచెట్టు నీడ.
అయినా బ్రేకు తొక్కినాను.
వెనక లారీవాడు హారన్ మోగించి,
అరవంలో ఏదో తిట్టి,
దాటిపోయినాడు.