ఆకురాయి

నలభై ఎనిమిది చెంచాలు,
ఆకుల లెక్కనే ఉండాలె, కానీ అన్నీ ఒక్క తీరుగుండాలె
అన్నడు ఫోన్ల, పట్నంల హోటలు కడుతున్నాయన.
సరే అన్న.
కొల్లాపూర్ల సిగ్నల్ పోయిందప్పుడే,
నా నవ్వు ఆయనకు ఇనబడలే.

మా నాయిన మోనాచారి గంటెలు పోసినోడు.
పప్పు గంటెలు, గుండిగల తిప్పే బారెడు గరిటెలు,
ఒక్కదాని మీద పువ్వు గీయలే ఎన్నడు.
"తినేదానికి సింగారమెందుకే" అంటడు ఇప్పటికీ,
కొలిమి కాడ నాకు తిత్తి ఊదుకుంటనే.

నోటికి ఆకు కొత్తనా నాయినా?
మోదుగ విస్తరిల మెతుకులు,
తాడిచెట్టు కింద రేక మడిచి పట్టి
మోచేతి దాక కారంగ తాగిన కల్లు.
ఇత్తడి నిన్న మొన్నొచ్చింది.

వానలు పడ్డంక కోడేరు తొవ్వల
సీతాఫలం ఆకులు కోసుకొచ్చి మైనం మీద పరిచి
బొటనవేలితోని ఒత్తుత.
ఎంత ఒత్తాల్నో చెప్పరాదు.
తక్కువైతే ఈనెలు పడవు,
ఎక్కువైతే ఆకు చచ్చిపోయినట్టు పడ్తది.
పుట్టమన్ను, ఊక, పెండ. మూడు పూతలు. నీడకు ఆరాలె.
మైనం కరిగి ఖాళీ చేసి పోయిన తావుల
పాత బిందెల ఇత్తడి పోస్త,
ఎన్ని బావుల నీళ్లు మోసినయో అవి.
మట్టి పలగ్గొడితె
మాడిన రొట్టె తీరు నల్లగ, ఆకు.

ముండ్ల చెంచాలు గూడ కావాలన్నడు.
వాటితోని నేను ఒక్క ముద్ద తిన్నదాన్ని కాదు.
తుమ్మ కొమ్మ ఇరిచి ముందు పెట్టుకున్న,
జంట ముండ్లు, తెల్లగ, సూటిగ.
"కాళ్లల్ల గుచ్చుకునేదాన్ని
నోట్ల పెట్టుకుంటరా పట్నపోల్లు?" అన్నది మా అమ్మ.
పెట్టుకుంటరమ్మా, పైసలిచ్చి.

ఇగ మిగిలింది ఆకురాయి.
ఇనుము పనిముట్టుకు ఆకు అని ఎవలు పేరు పెట్టిండ్రో,
దానికి రాయి ఎవలు తగిలిచ్చిండ్రో
నాయినకు తెల్వదు, నాయిన తాతకు తెల్వదు.
ఇరవయ్యేండ్లు చేతుల పట్టుకోని
ఈ యేడే ఇనబడ్డది నాకా మాట.
ఆకురాయితోని ఆకును రాస్తున్న.
రాపిడో, రాతో.

ముప్పై ఒకటోది పురుగు కొట్టిన ఆకు.
చూడకుండ ఒత్తిన.
కాదు, చూసే ఒత్తిన.
అంచుకు ఇంత బొక్క, వంకర టింకర,
పురుగు యాడ ఆగిందో, మళ్ల యాడ షురూ చేసిందో
అంతా పడ్డది.
"అతుకు పెట్టు, చారు కారిపోతది" అన్నడు నాయిన.
తనే టంకం కరిగించిండు. బొక్క మీదికి తెచ్చిండు.
అద్దాలు ముక్కు మీదికి జారినయి.
ఎంతసేపు పట్టుకున్నడో,
టంకం గడ్డ కట్టింది.
ఏమనలే.
చింతపండు, బూడిద తెచ్చి
దాన్ని తానే తోమిండు,
కొలిమి గోడకు మొల కొట్టి
ఆ బొక్కకే తగిలిచ్చిండు.

పెట్టె చేరినంక ఫోన్ చేసిండు హోటలాయన.
"ఏందమ్మా, నలభై ఏడే ఉన్నయి?"
అవు సారూ.
ఒకటి పురుగు తిన్నది.