మోచెయ్యి

యూనియన్ ఆఫీసు గోడమీది ఫోటోలో
పదకొండుమంది మగాళ్ళు, దండలు.
కుడి అంచున, చట్రం కోసేసిన చోట
ఒట్టి మోచెయ్యి ఒకటి.
అది మా రాహేలమ్మ పెద్దమ్మది.

గుంటూరు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు,
ముక్కుకి పాతచీర గుడ్డ,
దగ్గితే కూలి కోత.
గేటు పక్క జరిమానాల బోర్డే ఆమెకి పలక;
మొదట నేర్చిన అక్షరం జ.

చంటిబిడ్డల తల్లులకి పాలిచ్చే పావుగంట కావాలని
అర్జీ రాసింది.
మేస్త్రీ వేలిముద్రకి సిరాపెట్టె జరిపితే
కలం అడిగింది.
ఆ నాలుగక్షరాలూ పూర్తయ్యేదాకా
వెనక బారులో నలభైమంది ఆడాళ్ళు
ఒక్కరూ గొణగలేదు.
ఆమెకి అరపూట కూలి పోయింది.
పావుగంట వచ్చింది.

ఫోటో రోజున
"కాస్త పక్కకి జరగమ్మా" అన్నారట.
జరిగింది.

పూర్తిగా జరగలేదు.