మీరేమంటారు టీచర్

తొమ్మిదో తరగతి బి సెక్షన్.
భూగర్భ జలాల పాఠం.
బోర్డు మీద పుస్తకంలో బొమ్మే వేశాను:
ఇసక, బంకమన్ను, అడుగున నీళ్లు.
చెంచుకిశోర్ లేచాడు.
"టీచర్, రొయ్యల గుంటలు ఉండాలా, పూడ్చాలా?"

పుస్తకంలో ఆ ప్రశ్న లేదు.
కిటికీలో ఉంది.
ఇసకపల్లి బాట పొడుగునా ఏరేటర్లు
తెల్లగా నురగ కక్కుతున్నాయి.

షబ్బీర్ తలెత్తలేదు.
వాళ్ల నాయన ఆరెకరాల గుంట కౌలుకి పట్టాడు.
కిశోర్ వాళ్ల చేను ఆ కట్ట పక్కనే,
రెండేళ్లుగా నారు పోస్తే ఎర్రబడి చస్తోంది.
ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే జామెట్రీ బాక్సు.

నాకు జవాబు తెలుసు.
నా నాలిక్కి తెలుసు.
మా బావి నీళ్లలో పప్పుడికి నాలుగేళ్లయింది.
పొద్దున్నే ఇరవై రూపాయల క్యాను కొని
స్కూటీ ముందర ఇరికించుకుని వచ్చేదాన్ని.
ఒక్కమాట అంటే చాలు,
నలభై మూడు నోట్సుల్లోకి ఎక్కుతుంది,
స్కేలు పెట్టి కింద గీత కూడా కొడతారు.
సాయంత్రం షబ్బీర్ ఒక్కడే నడిచి ఇంటికి పోతాడు.

పోనీ, "మనకెందుకురా, సిలబస్ చూడండి" అంటే?
అన్నాను ఒకసారి, ఆరేళ్ల కిందట, వేరే ప్రశ్నకి.
అడిగిన పిల్ల బడి వదిలిపోయేదాకా
మళ్లీ చెయ్యెత్తలేదు.

బొమ్మ తుడిచి నిలువుగా ఒక గీత గీశాను.
ఉండాలి. పూడ్చాలి.
"కిశోర్, నువ్వు షబ్బీర్ వాళ్ల నాయనవి.
షబ్బీర్, నువ్వు ఆ చేనువి. కానివ్వండి."
క్లాసంతా నవ్వింది.
కిశోర్ లెక్క మొదలుపెట్టాడు:
మేత బస్తాలు, కరెంటు, కౌలు, వడ్డీ,
పోయినేడు వైరస్ తగిలి ఒక్క రాత్రిలో పోయిన పంట...
మధ్యలో ఆగి, నాయన వేషం మర్చిపోయి,
"ఇంతప్పు ఉందంట్రా మీకు?" అన్నాడు.
షబ్బీర్ చేనై నిలబడ్డాడు.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
"దప్పిక" అన్నాడు చివరికి.

అక్కడ బెల్లు కొట్టుంటే
నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.
వెనక బెంచీలోంచి ప్రసన్న లేచింది.
"టీచర్, మా అమ్మ షెడ్డులో రొయ్యల తలకాయలు తీస్తాది.
గుంటలు పూడిస్తే కూలి లేదు.
ఉంటే గోళ్లు లేవు.
మేం గీతకి ఏ పక్క?"

బోర్డు మీద చోటు లేదు.
చోటు వదలకుండా గీసింది నేనే.

"మీరేమంటారు టీచర్?"
ఈసారి అందరూ.
"నాకో అభిప్రాయం ఉంది. మా బావిలోంచి వచ్చింది.
ముందు మీవి రాసుకు రండి. అప్పుడు చెప్తా.
ఎర్ర పెన్ను మీకే ఇస్తా, తప్పుంటే దిద్దండి."

రాత్రి ఫోన్: "గుంటలు పూడ్చమన్నారంట?"
అన్లేదన్నాను. నమ్మలేదు.
అన్నం ముందు కూర్చున్నాక ఇంకో ఫోన్:
"గుంటలోళ్లని వెనకేసుకొచ్చారంట?"
ప్రసన్న వాళ్లమ్మ ఫోన్ చెయ్యలేదు.
ఆ వేళప్పుడు షెడ్డులో
రెండో షిఫ్టు.