దొంగపాట

నా గొంతు బాగుండదు.
అయినా మూడేళ్ళు పాటలు పాడి బతికాను,
వేలం పాటలు.

జీలాంగ్‌లో, శనివారం పదకొండింటికి,
ఎవరింటి ముందో పచ్చిక మీద
కొనేవాడిలా నిలబడాలి.
చెయ్యెత్తితే యాభై డాలర్లు.
ఇల్లు నా మెడకి చుట్టుకోకుండా
సరైన చోట ఆగితే ఇంకో యాభై.
ఉన్ని మిల్లు మూతపడ్డాక
ఎత్తడానికి నాకు వేరే బరువులు లేవు.

లయల్ ప్రెంటిస్, ఏజెంటు,
అమ్మేవాళ్ళతో లక్షా నలభై అని మాటయ్యాకే
పేపర్లో లక్షా పది అని వేయించేవాడు.
"ఎర ఎప్పుడూ చిన్నదే ఉండాలోయ్" అనేవాడు.
చెమ్మ దిగిన గోడకి బీరువా జరిపేవాడు,
కుంగిన నేల మీద కొత్త తివాచీ,
పొయ్యిలో ఎవరూ తినని రొట్టె, వాసన కోసం.
చెవి దగ్గర ఫోను పెట్టుకుని
అవతల లేని మనిషికి
"సార్, ఇంకో పార్టీ కూడా ఉంది" అనేవాడు.

కార్మెనా జమ్మిట్‌ని మొదటిసారి
పదకొండు వేలు పైకి తోశాను.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
అట్నుంచటే వచ్చినట్టుంది,
చేతులు బ్లీచింగ్ వాసన.
నేను చెయ్యెత్తిన ప్రతిసారీ
ఆమె గుటక మింగడం వినబడేంత దగ్గర్లో ఉన్నాను.
చివరికి ఆమే ఆగిపోయింది, ఇల్లు నా మీద పడింది.
లయల్ పరుగెత్తాడు ఆమె వెనక:
"ఆయనకి బ్యాంకు లోను రాలేదట.
మీ ఆఖరి పాటకే ఇచ్చేస్తా, ఇప్పుడే సంతకం పెడితే."
"ఇప్పుడే" అన్న మాట దగ్గర ఆమె పెన్ను మూసేసింది.

మళ్ళీ కనబడింది నవంబరులో, నార్లేన్‌లో.
ముందు రాత్రి వానలో వచ్చి
వీధిలో నీళ్ళెటు పోతాయో చూసిందట.
పక్కింటి ముసలాయన్ని మురుగు కాలువ సంగతి అడిగిందట.
లయల్ చెప్పిన ఇన్‌స్పెక్టరు వద్దని
తన మనిషినే తెచ్చుకుంది.
అతను నేల కింద పాకి
జుట్టులో బూజుతో, గుప్పెట్లో పుచ్చిన చెక్కతో బయటికొచ్చాడట.
కాగితాలు తన లాయరుకే చూపించింది.
కోటు లోపల ఒక చీటీ, దాని మీద ఒకే అంకె.
ఇవన్నీ లయలే చెప్పాడు నాకు, విసుక్కుంటూ.

పాట మొదలైంది. చెయ్యెత్తాను.
ఆమె లయల్ వైపు చూడలేదు, నా బూట్ల వైపు చూసింది.
అవే బూట్లు.
"అయ్యా," అంది, అందరికీ వినబడేలా,
"అంత మనసు పడ్డారు కదా,
స్నానాలగది పలకలు ఏ రంగు?"

తెలుపు అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు.
లయల్ గొంతు సవరించుకున్నాడు: ఒకటోసారి.
నా చెయ్యి ఇక లేవలేదు.
అంతా అయిపోయి ఇల్లు ఆమెకే దక్కిందని రాస్తే బాగుండేది.
లేదు. టోర్కే నుంచి వచ్చిన నిజం మనిషొకడు
ఆ చీటీలో అంకెని దాటేశాడు.
వేలంవెర్రి పచ్చికంతా పాకుతున్నా
ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకుని బస్సు కోసం నడిచింది,
ఏమీ పోగొట్టుకోని మనిషి నడక.

జనం వెళ్ళిపోయారు. నా యాభై అడగలేదు.
తలుపు ఇంకా తీసే ఉంది.
మూడేళ్ళలో మొదటిసారి
నేను పాడిన ఇంట్లోకి నేను వెళ్ళాను.
ఆకుపచ్చ.
కుళాయి కింద ఒకటి పగిలి ఉంది.